కుర్చీ మెత్త మార్చుట: మన చేతనా, పనివాని చేతనా?

ప్రతి ఇంటిలోను ఒక పాత కుర్చీయో, సోఫాయో ఉండును. దాని కఱ్ఱ గట్టిగానే ఉండును. కాని పైగుడ్డ చిరిగి, ఆసనము గుంటపడి, కూర్చున్నవారికి అడుగున ఏదో గుచ్చుకొనుచుండును. అప్పుడు ఇంటిలో మూడు మాటలు వినబడును. పారవేయుదమని ఒకరందురు. పనివానిని పిలుతమని మరొకరందురు. నాలుగు మేకులు కొట్టుటకు పనివాడెందుకు, నేనే చేసెదనని మూడవవారందురు. ఈ మూడింటిలోను కొంత నిజము కలదు. అయితే ఏ కుర్చీకి ఏ మాట చెల్లునో తెలియవలెనన్న, పైగుడ్డ క్రింద ఏమున్నదో ముందుగా తెలియవలెను.

ఈ సంగతి నాకు కొంత నష్టము మీద తెలిసినది. కొన్ని ఏండ్ల క్రిందట మా ఇంటిలోని భోజనపు బల్ల కుర్చీలు నాలుగింటికి నేనే మెత్తలు మార్చితిని. పని చక్కగా కుదిరినది. ఆ ధైర్యముతో మా తండ్రిగారు వాడిన చేతుల కుర్చీని పట్టుకొంటిని. గుడ్డ లాగివేసి, లోపల కనబడిన పురికొసలను కోసితిని. కోసిన వెంటనే స్ప్రింగులు ఒక్కొక్కటిగా పైకి లేచినవి. మరల వానిని అణచి కట్టుట నా వల్ల కాలేదు. కొత్తగా కొన్న గుడ్డను కొలత చూడకయే కత్తిరించుటచే అది నాలుగంగుళములు తక్కువైనది. తుదకు చట్రము ఒక చేతను, గోనెసంచిలో మిగిలిన భాగములు ఒక చేతను పట్టుకొని ఊరిలోని సోఫా పనివాని వద్దకు పోయితిని. అతడు సంచి విప్పి చూచి, “మాష్టారూ, విప్పకముందు తెచ్చుంటే సగం పనే. ఏ ముడి ఎక్కడుందో కుర్చీయే చెప్పేది” అనెను.

నాలుగు కుర్చీలు చేయగలిగిన చేతికి అయిదవది ఎందుకు లొంగలేదు? ఈ ప్రశ్నకు సమాధానము ఉన్నత పాఠశాలలో మనము చదువుకొను భౌతిక, గణిత శాస్త్రములలోనే కలదు.

ఆసనములోని పొరలు

మెత్త కుర్చీలు ముఖ్యముగా రెండు విధములు. మొదటి దానిలో ఒక ప్లైవుడ్ పలక, దానిపై స్పంజి, స్పంజిపై గుడ్డ మాత్రమే ఉండును. పలకను నాలుగు మరమేకులతో చట్రమునకు బిగించియుందురు. మరమేకులు తీసిన ఆసనము పూర్తిగా చేతికి వచ్చును. భోజనపు బల్ల కుర్చీలు, కార్యాలయములలోని సాధారణ కుర్చీలు పెక్కు ఇట్టివే.

రెండవ విధమైన దానిలో పలక ఉండదు. చట్రమునకు అడుగున జనుప పట్టీలను అడ్డముగను, నిలువుగను అల్లి బిగింతురు. మన నవారు మంచమునకును దీనికిని సూత్రమొక్కటే. పట్టీలపై చుట్టల స్ప్రింగులు నిలిపి కుట్టుదురు. స్ప్రింగుల తలలను పురికొసతో ఒకదానికొకటి కట్టి కొంత క్రిందికి అణచుదురు. వానిపై గోనెగుడ్డ, దానిపై కొబ్బరిపీచు, పీచుపై దూది, అన్నింటికి పైన మనకు కనబడు గుడ్డ. ఇన్ని పొరలలో ప్రతి దానికి ఒక పని కలదు. పట్టీ బరువు మోయును. స్ప్రింగు ఒదిగి మరల లేచును. గోనెగుడ్డ పీచును స్ప్రింగుల సందులలో పడనీయదు. పీచు ఆకారము నిచ్చును. దూది ఆ పీచు గుచ్చుకొనకుండ కాపాడును.

గుంటపడిన కుర్చీలో ఈ పొరలలో ఏది చెడినదో పైనుండి చెప్పుట కష్టము. పైగుడ్డ మాత్రము మార్చినచో, క్రింద తెగిన పట్టీ తెగియే ఉండును. కొత్త గుడ్డ కొద్ది నెలలలోనే మరల గుంటపడును.

పట్టీ ఎందుకు తెగును?

పట్టీ విషయములో ఒక చిన్న లెక్క చూతము. 50 సెంటీమీటర్ల పొడవుగల పట్టీని రెండు ప్రక్కల మేకులతో కొట్టితిమనుకొనుడు. దాని నడుమ 10 కిలోగ్రాముల బరువు పెట్టగా, నడుమ భాగము 5 సెంటీమీటర్లు క్రిందికి దిగినది. అప్పుడు పట్టీలోని బిగువు ఎంత? బరువును పట్టీ యొక్క రెండు సగములు పంచుకొనును కనుక ఒక్కొక్కటి 5 కిలోగ్రాములే మోయునని తోచును. అది నిజము కాదు. పట్టీ ఏటవాలుగా ఉన్నది. దాని బిగువులో పైకి లాగు అంశము మాత్రమే బరువును మోయును. ఇచ్చట పట్టీ సగము పొడవు 25, దిగుడు 5 సెంటీమీటర్లు. కావున బిగువు, 5 కిలోగ్రాములకు సుమారు అయిదు రెట్లు, అనగా 25 కిలోగ్రాముల బరువునకు సమానము.

ఇప్పుడు పట్టీని మరింత బిగించి, దిగుడు 2.5 సెంటీమీటర్లే ఉండునట్లు చేసితిమనుకొనుడు. బిగువు సుమారు 50 కిలోగ్రాములకు పెరుగును! బరువు మారలేదు, దిగుడు సగమైనది, బిగువు రెట్టింపైనది. పట్టీని బొత్తిగా దిగకుండ బిగించుట ఏ బలము చేతను సాధ్యము కాదని కూడ ఈ లెక్కయే చెప్పుచున్నది. కుర్చీలో పట్టీలు అనేకము గనుకను, బరువు ఒకే బిందువుపై పడదు గనుకను నిజమైన అంకెలు వేరుగా ఉండును, కాని సూత్రమిదియే.

దీనినుండి మూడు సంగతులు తేలును. ఒకటి, పట్టీ చివర మేకులపై పడు లాగుడు మనము ఊహించునంత చిన్నది కాదు. అందుకే పట్టీ నడుమకంటె మేకుల వద్ద ముందుగా చినుగును. రెండు, ఆ లాగుడంతయు చట్రమును లోపలికి లాగును. అతుకులు వదులైన చట్రమునకు కొత్త పట్టీలు బిగించుట దానిని విరిచివేయుటయే. మూడు, చేతితో లాగి కొట్టిన పట్టీ చాలదు. పనివారు దీనికి ఒక చిన్న కఱ్ఱ పలకను తులాదండముగా వాడుదురు. పలక అడుగు చివరను చట్రమునకు ఆనించి, పట్టీని దానిలో చిక్కించి, పిడిని క్రిందికి నొక్కుదురు. ఆధారము నుండి పట్టీకి 5, పిడికి 25 సెంటీమీటర్లు దూరమున్నచో మన చేతి బలము అయిదు రెట్లగును.

స్ప్రింగులో దాగిన శక్తి

స్ప్రింగు ఎంత అణగునో దానిపై బరువు అంత ఉండునని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. ఒక ఆసనములో 9 స్ప్రింగులున్నవనుకొనుడు. 63 కిలోగ్రాముల మనిషి కూర్చుండగా బరువు సమముగా పంచబడినచో ఒక్కొక్క దానిపై 7 కిలోగ్రాములు పడును. దానికి స్ప్రింగు 5 సెంటీమీటర్లు అణగినదనుకొందము. ఒకటి విరిగినచో మిగిలిన ఎనిమిదింటిపై ఒక్కొక్కదానికి సుమారు 7.9 కిలోగ్రాములు పడి, అణగుట 5.6 సెంటీమీటర్లగును. రెండు విరిగిన 9 కిలోగ్రాములు, 6.4 సెంటీమీటర్లు. నిజమునకు విరిగిన దాని ప్రక్కనున్న వానిపైననే ఎక్కువ భారము పడును. కనుక ఒకటి విరిగిన పిమ్మట దాని పొరుగునున్నవి త్వరగా చెడును. గుంట ఒక చోట మొదలై పెద్దదగుటకు కారణమిదియే.

అణచి కట్టిన స్ప్రింగులో శక్తి నిలువయుండును. పురికొస ముడి ఆ శక్తిని పట్టియుంచును. నేను పురికొస కోసినప్పుడు జరిగినది ఈ శక్తి విడుదలయే. ప్రతి స్ప్రింగును నిటారుగా, ఒకే ఎత్తున, నాలుగు దిక్కులకును నాలుగు మూలలకును సమానమైన లాగుడుతో నిలుపుట ఆ ముడులలోని నేర్పు. ఒక దారమును ఎక్కువ లాగిన స్ప్రింగు ప్రక్కకు ఒరగును; ఒరిగిన స్ప్రింగు గోనెగుడ్డను రాచి చింపును.

కొన్ని సోఫాలలో చుట్టల స్ప్రింగులకు మారుగా పాము వంకరలవంటి తీగ స్ప్రింగులుండును. వీనిని చట్రమునకు ఈ కొస నుండి ఆ కొసకు లాగి కొక్కెములలో తగిలింతురు. వీనితో మరింత జాగ్రత్త వలయును. కొక్కెము నుండి తప్పిన తీగ ముడుచుకొనుచు వేగముగా వచ్చి చేతికో, ముఖమునకో తగులును. అలవాటు లేనివారు వీనిని తాకకుండుట మేలు.

నింపుడు పదార్థములు

మెత్తదనము పదార్థములోకంటె దానిలో చిక్కిన గాలిలో ఎక్కువగా ఉన్నది. కొత్త దూదిలో పోగుల మధ్య గాలి నిండియుండును. ఏండ్ల తరబడి కూర్చున్న పిమ్మట పోగులు ఒత్తుకొని గాలి పోవును, పరుపు గట్టిపడును. దూదేకువారు చేయునది మరల ఆ పోగులను విడదీసి గాలికి చోటిచ్చుటయే. బూరుగు దూది పోగు లోపల బోలుగా ఉండును, కనుక తేలిక. కాని అది పెళుసు, రాపిడికి పొడియగును. దిండ్లకు తగినంతగా ఆసనములకు తగదు. కొబ్బరిపీచులో లిగ్నిన్ అను పదార్థము అధికముగా నుండుటచే అది బిరుసుగా నుండి ఆకారము నిలుపును. పీచుపై రబ్బరు పాలు చల్లి గట్టిపరచిన పలకలు కూడ అంగళ్ళలో దొరకును.

రబ్బరు పాలను నురుగుగా చిలికి గట్టిపరచు పద్ధతిని ఇంగ్లండులో డన్‌లప్ సంస్థ 1929లో కనుగొనినది. నేడు మనము స్పంజి అనియు, ఫోము అనియు పిలుచునది పెక్కు తావుల పాలీయూరిథేను. దీని రసాయన మార్గమును జర్మనీలో ఆటో బేయరు, ఆయన సహచరులు 1937లో కనుగొనిరి. మెత్తని నురుగు రూపమున అది 1950 తరువాత వ్యాప్తిలోనికి వచ్చినది.

ఫోము కొనునప్పుడు అంగడివారు “32 డెన్సిటీ”, “40 డెన్సిటీ” అని చెప్పుదురు. దీని అర్థము ఒక ఘనమీటరు ఫోము 32 లేక 40 కిలోగ్రాములు తూగునని. సాంద్రత వేరు, గట్టిదనము వేరు అని విద్యార్థులు గమనింపవలెను. ఒకే సాంద్రత గల ఫోమును మెత్తగను చేయవచ్చును, గట్టిగను చేయవచ్చును. వ్రేలితో నొక్కి చూచిన గట్టిదనము తెలియును. అది ఎన్నాళ్ళు నిలుచునో తెలియదు. సాధారణముగా సాంద్రత ఎక్కువైన కొలది ఫోము ఆకారము చెడక ఎక్కువ కాలము నిలుచును.

సాంద్రతను మనమే పరీక్షింపవచ్చును. 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందము గల ముక్కను తీసికొనుడు. దాని ఘనపరిమాణము 500 ఘన సెంటీమీటర్లు. అది 32 సాంద్రతదైన 16 గ్రాములు, 40 సాంద్రతదైన 20 గ్రాములు తూగవలెను. పాఠశాల ప్రయోగశాలలోని త్రాసు ఇందుకు చాలును. 12 గ్రాములే తూగినచో అంగడివాడు చెప్పిన అంకెకును, ఇచ్చిన సరుకునకును పొత్తు లేదని తెలిసికొనవచ్చును.

గుడ్డయు, గణితమును

నేసిన గుడ్డలో పడుగు, పేక అను రెండు వరుసల నూళ్ళుండును. పడుగు వెంటను, పేక వెంటను లాగిన గుడ్డ అంతగా సాగదు. ఐమూలగా లాగిన సాగును. ఒక చేతిరుమాలును ఈ మూడు విధములుగా లాగి చూచినచో ఇది తెలియును. గుడ్డను వంకరగా పరచి మేకులు కొట్టినచో ఒక ప్రక్క సాగి, మరొక ప్రక్క బిగిసి, కూర్చున్న కొలది ముడుతలు పడును. కావున పడుగు నూలు ఆసనము ముందునుండి వెనుకకు తిన్నగా పోవునట్లు పరచవలెను.

ఇక ఆకారము. ఒక కాగితమును స్తంభము చుట్టు ముడుత లేకుండ చుట్టవచ్చును. బంతి చుట్టు చుట్టజాలము. బత్తాయి తొక్కను చింపకుండ బల్లపై చదునుగా పరచుటయు సాధ్యము కాదు. ఇది మన చేతకానితనము కాదు. చదునైన తలమును సాగదీయక గోళముగా మార్చుట అసాధ్యమని జర్మను గణితవేత్త గౌస్ 1827లో నిరూపించిన సిద్ధాంతము నుండి తేలుచున్నది. ఒకే వైపు వంగిన వీపు గల కుర్చీకి ఒకే గుడ్డ చాలును. రెండు వైపులను వంగిన చేతులు, గుండ్రని మూలలు గల సోఫాకు గుడ్డను ముక్కలుగా కత్తిరించి, ఆకారమునకు తగినట్లు కుట్టవలెను. ఇది దర్జీ పని. ఇచ్చట కొలతలో ఒక సెంటీమీటరు తప్పిన సర్దుకొనుటకు చోటుండదు.

గుడ్డ మన్నికను పరీక్షాలయములలో మార్టిండేల్ యంత్రముపై రుద్ది కొలుతురు. ఇంటిలోని సాధారణ వాడుకకు సుమారు 15,000 నుండి 25,000 రాపిడులకు తాళు గుడ్డ తగినదని ఎంచుదురు. నేడు మనము రెక్సిన్ అనునది చాలవరకు పి.వి.సి. పూత పూసిన బట్ట. నీటిని పీల్చదు, తుడుచుట సులభము. కాని చెమట ఆవిరిని పోనీయదు. మన వేసవిలో దానిపై ఎక్కువసేపు కూర్చున్నవారికి ఈ గుణము వేరుగా చెప్పనక్కరలేదు.

నిర్ణయించుటకు నాలుగు ప్రశ్నలు

ఇప్పుడు కుర్చీని తలక్రిందులుగా తిప్పుడు. అడుగున దుమ్ము రాకుండ కొట్టిన పలుచని గుడ్డ ఉండును. దానిని ఒక ప్రక్క నెమ్మదిగా ఊడదీసి, దీపము వెలుగులో లోపలికి చూడుడు. ఈ గుడ్డ విప్పుట వలన ఏమియు చెడదు, మరల కొట్టవచ్చును. చూచిన పిమ్మట ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనుడు.

మొదటిది: చట్రము బాగున్నదా? చేతులు పట్టుకొని ఊపిన అతుకులు కదలరాదు. సుత్తి పిడితో తట్టిన కఱ్ఱ గట్టిగా మ్రోగవలెను. బోలు చప్పుడు వచ్చినను, సన్నని పొడి రాలినను చెదలో, పుప్పియో పట్టినదని అనుమానింపవలెను. మంచి టేకు చట్రము ఎన్ని మెత్తలు మార్చినను నిలుచును. పొట్టు అదిమి చేసిన పలకల చట్రము ఒకసారి నాని ఉబ్బినచో మేకును పట్టదు. దానిపై ఖర్చు చేయుట దండుగ.

రెండవది: లోపల పలకయా, స్ప్రింగులా? పలకయైనచో మీరే చేయవచ్చును. పట్టీలు మాత్రమే ఉన్నచో కొంత ఓర్పుతో చేయవచ్చును. అణచి కట్టిన స్ప్రింగులు వదులైనచో పనివానికి ఈయుడు.

మూడవది: ఆకారము చదునా, గుండ్రమా? చదునైనను, ఒకే వైపు వంగినను మీ పని. రెండు వైపుల వంగినచో కుట్టు తెలిసినవాని పని.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది: తప్పు జరిగిన దిద్దుకొనవచ్చునా? కొట్టిన మేకును పీకవచ్చును. వేసిన కుట్టును విప్పవచ్చును. కత్తిరించిన గుడ్డను అతుకజాలము. కోసిన ముడి ఎట్లున్నదో మరల తెలియదు. దిద్దుకొనదగిన పనులు ఎన్ని ఎక్కువగా ఉన్న అంతగా స్వయముగా చేయుట క్షేమము.

ఖర్చు లెక్క

ఆరు భోజనపు కుర్చీల పలకలు ఒక్కొక్కటి 45 సెంటీమీటర్ల చదరము, ఫోము మందము 5 సెంటీమీటర్లు అనుకొందము. ఒక్క ఆసనమునకు గుడ్డ 45, రెండు ప్రక్కల మందమునకు 10, అడుగున మడిచి కొట్టుటకు మరి 10, వెరసి 65 సెంటీమీటర్ల చదరము కావలెను. సోఫా గుడ్డ పన్నా సాధారణముగా 54 అంగుళములు, అనగా సుమారు 137 సెంటీమీటర్లు. కావున వెడల్పులో రెండు ముక్కలు వచ్చును. ఆరింటికి మూడు వరుసలు, 195 సెంటీమీటర్లు. రెండు మీటర్ల గుడ్డ చాలును. పూలగుడ్డయైన, ప్రతి కుర్చీపై పువ్వు నడుమకు రావలెనన్న, మరికొంత కావలెను. ఫోము 32 సాంద్రతదైన ఆరింటికి సుమారు 1.9 కిలోగ్రాములు. ఈ అంకెలతో అంగడికి పోయిన సామాను ధర నిమిషములో తెలియును. పనివాడు చెప్పిన మొత్తములో నుండి దానిని తీసివేసిన అతని కూలి తెలియును.

కూలి మిగులునని సంతోషించుటకు ముందు మరొక అంశమును చేర్చవలెను. ఒక సోఫాకు 6,000 రూపాయల గుడ్డ అవసరమనుకొనుడు. కొత్త చేయి దానిని పాడుచేయు అవకాశము నాలుగింట ఒకటి యనుకొనిన, సగటున 1,500 రూపాయల నష్టమును లెక్కలో వ్రాసికొనవలెను. దానికి కొనవలసిన పనిముట్లను, పోవు సెలవు దినములను కలుపుడు. చిన్న కుర్చీకి ఈ అదనపు భారము స్వల్పము. పెద్ద సోఫాకు అది కూలిని మించవచ్చును. అట్లని పనిముట్ల ఖర్చంతయు ఒక్క కుర్చీపై వేయరాదు. సుత్తి, పట్టకారు, దబ్బనము, కత్తెర రేపటికి కూడ పనికివచ్చును. నేర్చిన పని అంతకంటె ఎక్కువ కాలము పనికివచ్చును.

స్వయముగా చేయు పద్ధతి

పలక ఆసనము చేయువారు పాత గుడ్డను చింపివేయరాదు. మేకులు జాగ్రత్తగా తీసి, గుడ్డను పూర్తిగా విడదీసి, దానినే నమూనాగా కొత్త గుడ్డపై పరచి గీత గీయవలెను. అంచున కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ ఉంచవలెను. ఫోమును గుడ్డపై పెట్టి, దానిపై పలకను బోర్లించి, మొదట నాలుగు ప్రక్కల నడుమ ఒక్కొక్క మేకు సగము వరకే కొట్టవలెను. ఎదురెదురు ప్రక్కలను సమముగా లాగుచు నడుమ నుండి మూలలవైపు పోవలెను. మూలలు కడపట మడువవలెను. మూల నుండి మొదలుపెట్టినచో మిగిలిన వదులంతయు రెండవ మూలకు చేరి ముడుతయగును. తిప్పి చూచి తృప్తి కలిగిన పిమ్మటనే మేకులు పూర్తిగా దింపవలెను. మేకులన్నియు ఒకే గీతపై వరుసగా కొట్టిన కఱ్ఱ నార వెంట చీలును. కొంచెము ఇటు అటుగా కొట్టవలెను. ఆరు కుర్చీలున్నచో తక్కువ వాడుకగల దానితో ప్రారంభింపుడు. మొదటి దాని తప్పులు ఆరవ దానిలో ఉండవు.

జాగ్రత్తలు

పాత మెత్తలో ఏండ్ల దుమ్ము నిండియుండును. ముక్కునకు గుడ్డ కట్టుకొని ఆరుబయట విప్పవలెను. ఉబ్బసము గలవారు ఈ పనికి దూరముగా నుండవలెను. ఫోము అతుకు జిగురులలో పెక్కింటినుండి మండెడి ఆవిరులు వెలువడును. అవి గాలికంటె బరువైనవి. నేలపై ప్రాకి దూరముననున్న పొయ్యిని చేరగలవు. కావున మూసిన గదిలోను, పొయ్యి దాపునను జిగురు పని చేయరాదు.

ఫోము విషయమున మరొకటి తెలియవలెను. మామూలు పాలీయూరిథేను ఫోము అంటుకొనినచో వేగముగా మండి, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు వంటి విషవాయువులను వెలువరించును. 1979లో బ్రిటనులోని మాంచెస్టరు నగరమందు ఒక పెద్ద అంగడిలో ఫర్నిచరు విభాగమున అంటుకొనిన మంటలో 10 మంది మరణించిరి. ఇట్టి ప్రమాదముల పిమ్మట ఆ దేశములో 1988లో ఇంటి ఫర్నిచరులోని ఫోము, గుడ్డ సులభముగా మండకుండవలెనని నియమములు చేసిరి. మన ఇంటిలో మెత్తను ఎవరు మార్చినను, దీపారాధన చేయు చోటికిని, పొయ్యికిని, వేడియగు విద్యుత్ తీగలకును సోఫాను దూరముగా నుంచుట మరువరాదు.

పనివానికి ఇచ్చునప్పుడు

పనివానికి ఇచ్చుట యనగా కన్నులు మూసికొని ఇచ్చుట కాదు. గుడ్డ మూసిన పిమ్మట లోపలి పని ఎవరికిని కనబడదు. కనుక ముందుగానే నాలుగు సంగతులు మాటాడుకొనవలెను: పట్టీలు మార్చునా, పాతవే ఉంచునా? విరిగిన స్ప్రింగులు ఎన్ని? ఫోము సాంద్రత ఎంత? అతుకులు వదులైన ఎవరు బిగింతురు? పైగుడ్డ మూయుటకు ముందు ఒకసారి పిలువుమని కోరుడు. మంచి పనివాడు దీనికి నొచ్చుకొనడు. తన పని చూచువాడు దొరికెనని సంతోషించును.

మా కుర్చీ విషయములో అట్లే జరిగినది. పిలిచినప్పుడు పోయి చూచితిని. తొమ్మిది స్ప్రింగులును ఒకే ఎత్తున, పురికొసల వలలో నిటారుగా నిలిచియుండెను. ఒకదానిపై అరచేయి పెట్టి నొక్కగా పొరుగునున్నవి కూడ కొంచెము వంగి బరువు పంచుకొనినవి. అతడు ఏ సూత్రమును పుస్తకములో చదివియుండలేదు. కాని నేను ఇంతకు ముందు వ్రాసిన లెక్కలన్నియు ఆ ముడులలో ఉన్నవి. అతనికిచ్చిన కూలిలో ఎక్కువ భాగము నేను కోసిన ముడులకు చెల్లించిన మూల్యమే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పాఠశాల గదులలో చిరిగిన మెత్తల కుర్చీలు ఒకటి రెండు తప్పక ఉండును. పలక ఆసనము గల ఒక దానిని తరగతికి తెచ్చి, విద్యార్థులచేత కొలిపించి, ఫోము ముక్కను తూయించి, గుడ్డ ఎంత కావలెనో లెక్కవేయించి, వారిచేతనే మార్పింపుడు. తులాదండము, సాంద్రత, హుక్ నియమము ఒకే వస్తువులో కనబడును. స్ప్రింగుల కుర్చీ యొకటి దొరకినచో దానిని విప్పవలదు. ఆ పని తెలిసినవానిని తరగతికి పిలిచి, ఆయన విప్పుచుండగా పిల్లలను చుట్టు నిలిపి చూడనిండు. ఏ పని తాము చేయవచ్చునో, ఏ పనికి నేర్పరి చేయి కావలెనో వారు ఆ గంటలోనే తెలిసికొందురు.